వీలునామా, జనాభా లెక్కలు, పాత అడంగళ్లు: రైతు కుటుంబ చరిత్రను వెతికి పట్టుకోవడం ఎలా

మన పల్లెల్లో రైతులు డైరీలు రాయలేదు. ఉత్తరాలు దాచుకున్నవాళ్లు తక్కువ, ఫొటో దిగినవాళ్లు ఇంకా తక్కువ. అయినా శిస్తు వసూలు చేయాలి కాబట్టి ప్రభుత్వం మాత్రం ఏటా వాళ్ల పేర్లు రాసుకుంటూ వచ్చింది. ఆ రాతల్లో ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగినట్టే. పెద్దాయన కాలం చేసి ఉండవచ్చు, అన్నదమ్ములు వేరుపడి ఉండవచ్చు, అప్పు తీర్చలేక పొలం వదులుకుని ఉండవచ్చు. రైతు కుటుంబ చరిత్ర వెతకడమంటే భూమి కాగితాల్లో పేరు మారిన చోటల్లా ఆగి, ఎందుకు మారిందో తెలుసుకోవడం. వీలునామాలు, జనాభా లెక్కలు, కోర్టు కాగితాలు ఆ కారణాన్ని చెప్పే సాక్ష్యాలు.

ఈ పద్ధతి ఆంధ్ర, తెలంగాణ పల్లెల కుటుంబాల కోసం. రెండు చోట్లా రికార్డుల పేర్లు వేరు కాబట్టి ఎక్కడికక్కడ విడిగా చెబుతాను.

మొదటి మెట్టు: ఇంట్లో ఉన్న కాగితాలు, పెద్దవాళ్ల మాటలు

ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు ట్రంకు పెట్టెలు, అటకలు చూడండి. పట్టాదారు పాస్‌బుక్కులు, శిస్తు రసీదులు, సహకార సంఘం అప్పు కాగితాలు, ప్రామిసరీ నోట్లు, పాత దస్తావేజులు, జాతకాలు, శుభలేఖలు అన్నీ పనికొస్తాయి. ప్రతి కాగితాన్నీ రెండు వైపులా ఫొటో తీయండి. దస్తావేజు వెనక వైపు ఉండే రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం, పుస్తకం నంబరు, పేజీలు మీకు ముందు ముందు బాగా అవసరం. రిజిస్ట్రారు ఆఫీసులో అసలు నకలు దొరికేది వాటితోనే.

పెద్దవాళ్లను "ముత్తాత పేరేంటి?" అని అడిగితే ఒక్క మాటలో ముగిసిపోతుంది. "చెరువు కింద మడి మనకెలా వచ్చింది?", "ఆ మెట్ట చేను ఎవరికి అమ్మారు, ఎందుకు?" అని అడగండి. భూమి సంగతి ఎత్తితే మనుషులు వాళ్లంతట వాళ్లే కథలోకి వస్తారు. పొలాల పిలుపు పేర్లన్నీ రాసుకోండి. పాత దస్తావేజుల్లో సర్వే నంబరు లేకపోయినా పొలం పేరు ఉండే అవకాశం ఎక్కువ.

తద్దినాలు పెట్టే ఇళ్లలో ఇంకో ఆధారం ఉంది. పిండప్రదానంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెబుతారు. మూడు తరాల పేర్లు ఏ ఆఫీసుకూ వెళ్లకుండానే దొరుకుతాయి. తద్దినం తిథిని బట్టి చనిపోయిన నెల తెలుస్తుంది, సంవత్సరం తర్వాత భూమి రికార్డుతో తేలుతుంది. కొన్ని రైతు కులాలకు వంశావళి చెప్పే ఆశ్రిత కులాలవారు ఉన్నారు. వంశరాజ్ కులస్తులు రెడ్డి, కమ్మ వంటి రైతు కులాల గోత్రాలు, ఇంటిపేర్లు, వంశాల కథలు తరతరాలుగా పాడుతూ వచ్చారు. మీ ఊరికి వాళ్లు ఇప్పటికీ వస్తుంటే కూర్చోబెట్టి, మర్యాద చేసి, వాళ్ల అనుమతితో రికార్డు చేసుకోండి. దాన్నే తుది సాక్ష్యంగా తీసుకోకండి కానీ, ఎక్కడ వెతకాలో చెప్పడంలో దాన్ని మించింది లేదు.

బంధువులకు ఒక్క మాట ముందే చెప్పండి: "నాకు వాటా వద్దు, వంశవృక్షం రాసుకుంటున్నాను" అని. పాత కాగితాలు అడిగేసరికి ఆస్తి గొడవకే వచ్చారనుకుని తలుపులు మూసేస్తారు. వాళ్ల భయం సహజమైనదే, అందుకే దాన్ని ముందే తీర్చాలి.

రెండో మెట్టు: సర్వే నంబరు పట్టుకోవడం

మనిషి పేరుతో వెతికితే దారి తప్పుతారు. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురు ఉంటారు. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ వల్ల ఒకే ఇంట్లోనూ తరం విడిచి తరం అదే పేరు వస్తుంది. సర్వే నంబరు అలా కాదు, అది నేలకు అంటుకుని ఉంటుంది. కాబట్టి కుటుంబానికి చెందిన ప్రతి పొలం సర్వే నంబరుతో జాబితా రాయండి. అమ్మేసిన పొలాలనూ వదలకండి.

సబ్‌డివిజన్లను జాగ్రత్తగా చూడండి. ఒక నంబరు 45-1, 45-2గా, మళ్లీ 45-2ఎ, 45-2బిగా విడిపోయిందంటే అందులో చాలావరకు అన్నదమ్ముల పంపకాలే. తెలంగాణలో ఇవి 45/అ, 45/ఆ అన్నట్టు ఉంటాయి. ఎఫ్‌ఎంబీ అనే కొలతల పటం అడిగి తీసుకుంటే ఆ గీతలు ఎక్కడ పడ్డాయో కనిపిస్తుంది. సమాన వాటాలుగా చీలిన మూడు ముక్కలు పక్కపక్కనే ఉంటే, ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారేమో అని అనుమానించి, ఆ ముగ్గురి పేర్లూ వెతకండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో ముందే సరిచూసుకోండి. ఇంకా వెనక్కి వెళితే సర్వే జరగకముందు నాటి పైమాషీ నంబర్లు కూడా తగులుతాయి.

మూడో మెట్టు: ఇవాళ్టి రికార్డు నుంచి వెనక్కి నడవడం

ఇది అసలు పని. సమయం ఎక్కువ పట్టేదీ, ఎక్కువ ఇచ్చేదీ ఇదే. ఎప్పుడూ తెలిసిన ఏడాది నుంచి తెలియని ఏడాదికి ఒక్కో అడుగూ వెనక్కి వెళ్లండి. నేరుగా వంద ఏళ్ల వెనక్కి దూకి అక్కడ మన ఇంటిపేరు కనబడగానే మనవాళ్లే అనుకోవడం చాలామంది చేసే తప్పు.

ఆంధ్ర ప్రాంతంలో: మీభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైటులో 1-బి (ఎవరి పేరున ఏ భూమి ఉందో చెప్పే పత్రం), అడంగల్ (ఏ పొలం ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారో ఏటా రాసే గ్రామ లెక్క) చూసుకుని మొదలుపెట్టండి. పాత అడంగళ్ల కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. వాటి వెనక సర్వే సెటిల్‌మెంట్ (భూములు కొలిచి శిస్తు నిర్ణయించడం) నాటి ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), డైగ్లాట్ (రెండు భాషల) రిజిస్టర్లు ఉంటాయి. ఒక్కో సర్వే నంబరుకు ఆ రోజున పట్టాదారు ఎవరో వాటిలో రాసి ఉంటుంది. మీ ఊరు జమీందారీ గ్రామమైతే కథ వేరు. జమీందారీల్లో రైతు పేరు ప్రభుత్వ లెక్కల్లోకి నేరుగా ఎక్కింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అప్పుడు తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అడగండి. అంతకు ముందు ఎస్టేటు లెక్కలు జమీందారు దివాణంలో ఉండేవి.

ఇనాం భూమి (శిస్తు లేకుండానో తగ్గించో ఇచ్చిన భూమి) ఉన్న కుటుంబాలది అదృష్టమే. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. ఆ విచారణల్లో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో మొదట ఇనాం ఎవరికి ఇచ్చారు, విచారణ నాటికి ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ల వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతారు అన్న వివరాలు గళ్ల వారీగా ఉంటాయి. ఒక్క పేజీలో మూడు నాలుగు తరాలు బయటపడవచ్చు. ఇనాం అనగానే బ్రాహ్మణులకో గుళ్లకో ఇచ్చింది అనుకుంటారు. కానీ నీరుగంటి (చెరువు నీళ్లు పారించేవాడు), వెట్టి, మంగలి, చాకలి వంటి గ్రామ సేవలకు ఇచ్చిన మాన్యాలూ ఆ లెక్కల్లో ఉన్నాయి. అందుకే నాకు ఈ రిజిస్టరంటే ప్రత్యేకమైన గౌరవం. మరెక్కడా పేరు కనిపించని వాళ్ల ముత్తాతలు ఇందులో కనిపిస్తారు.

తెలంగాణలో: భూభారతి పోర్టల్‌లోని వివరాలతో మొదలుపెట్టి, పహాణీలను (అడంగల్‌కు తెలంగాణలో ఉన్న పేరు) ఏడాది వెంట ఏడాదిగా వెనక్కి చూడండి. ముఖ్యమైన మజిలీలు ఇవి: 1955-58 చేసాల పహాణీ, 1954-55 ఖాస్రా పహాణీ, దానికీ వెనక నిజాం కాలపు సర్వే సెటిల్‌మెంట్‌లో తయారైన సేత్వార్. పట్టా ఏ ఏడాది ఎందుకు మారిందో ఫైసల్ పట్టీ చెబుతుంది. అందులో విరాసత్ అనో ఫౌతీ అనో ఉంటే పట్టాదారు చనిపోయి వారసుల పేరు ఎక్కిందని అర్థం. మరణ రిజిస్టరు దొరకని చోట చనిపోయిన కాలాన్ని అంచనా వేయడానికి ఇంతకంటే మంచి ఆధారం లేదు. పాత రికార్డులు ఉర్దూలో ఉంటాయి. చదవగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు, వాళ్ల దగ్గరికి త్వరగా వెళ్లండి. జాగీరు గ్రామాలకు (శిస్తు వసూలు హక్కును నిజాం జాగీర్దార్లకు ఇచ్చిన ఊళ్లు) 1949లో జాగీర్లు రద్దయిన తర్వాతి రికార్డే మీకు మొదటి నమ్మకమైన మెట్టు కావచ్చు.

ఏ ప్రాంతమైనా అడంగల్‌లో, పహాణీలో రెండు గళ్లు ఉంటాయి: పట్టాదారు, అనుభవదారు. రెండూ చూడండి. పట్టా చనిపోయిన తాత పేరున ఏళ్ల తరబడి అలాగే ఉండి, సాగు మాత్రం కొడుకుల పేరున నడుస్తూ ఉంటుంది. పట్టాలో పేరుంది కాబట్టి బతికే ఉన్నాడు అనుకోవడానికి లేదు.

ఆంధ్రలో 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు చేతులు మారాయి. తహసీల్దారు దగ్గర పాత లెక్కలు లేకపోతే పూర్వపు కరణాల వారసులను మర్యాదగా అడిగి చూడండి. ఆఫీసులో సమాధానం రాకపోతే మీసేవ ద్వారా నకలుకు, కుదరకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "మా పూర్వీకుల వివరాలు ఇవ్వండి" అని రాస్తే పని జరగదు. గ్రామం, సర్వే నంబరు, రికార్డు పేరు, సంవత్సరం స్పష్టంగా రాయండి.

నాలుగో మెట్టు: వీలునామాలు, దస్తావేజులు

పాత రైతు కుటుంబాల్లో వీలునామాలు ఎందుకు అరుదో ముందు తెలుసుకోవాలి. మితాక్షర ధర్మం (పాత హిందూ వారసత్వ నియమాలు) ప్రకారం ఉమ్మడి ఆస్తిలో తన వాటాను ఎవరూ వీలునామాతో ఇవ్వలేకపోయేవారు. చనిపోగానే అది మిగతా మగవారసులకు చేరేది. 1956 హిందూ వారసత్వ చట్టంతోనే ఆ వాటాను వీలునామా రాసే హక్కు వచ్చింది. అందుకే 1956కు ముందు ఒక రైతు వీలునామా రాశాడంటే దానికి గట్టి కారణం ఉండి ఉంటుంది. కొడుకులు లేకపోవడం, సొంతంగా సంపాదించిన భూమి ఉండడం, రెండో భార్య, దత్తత, కూతుళ్ల మీద ప్రేమ. వీలునామా దొరికితే అందులోని పేర్లతో పాటు ఆ కారణాన్నీ వెతకండి.

వెతికే చోటు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద జరిగిన లావాదేవీల పట్టిక) తీసి, అందులో వీలునామా కనిపించకపోతే లేదనుకుంటారు. అమ్మకాలు, తాకట్లు, పంపకాలు ఎక్కేది 1వ పుస్తకంలో, ఈసీ దాన్నుంచే వస్తుంది. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు 3వ పుస్తకంలో ఉంటాయి, వాటికి సూచిక కూడా వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం వీలునామా రాసిన మనిషి బతికి ఉండగా నకలు ఆయనకు, ఆయన ఏజెంటుకు మాత్రమే ఇస్తారు. చనిపోయాక ఎవరు దరఖాస్తు చేసినా ఇవ్వాలి. మరణానికి ఆధారం జతచేసి, ఈ సెక్షన్ పేర్కొంటూ అడగండి. వీలునామా రిజిస్టరు కావాలన్న నిబంధన లేదు కాబట్టి, అక్కడ లేకపోయినా ఇంటి పెట్టెలో ఉండవచ్చు.

ఈసీ మామూలుగా 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందువి కార్యాలయంలో సూచికలు తిరగేసి వెతకాలి. సూచికలు రెండు రకాలు, పేర్ల వారీగా ఒకటి, ఆస్తి వారీగా ఒకటి. రెండోది అడగడం మరవకండి. మీ ఊరు పూర్వం ఏ సబ్ రిజిస్ట్రారు పరిధిలో ఉండేదో కూడా కనుక్కోండి. పరిధులు చాలాసార్లు మారాయి.

దొరికిన దస్తావేజును ఇలా చదవండి. ముందు హద్దులు. తూర్పున ఫలానా వారి చేను, దక్షిణాన ఫలానా వారి చేను అని రాసిన నాలుగు పేర్లలో ఒకరిద్దరు దాయాదులే అయి ఉంటారు, ఎందుకంటే పంచుకున్న ముక్కలు పక్కపక్కనే ఉంటాయి. తర్వాత ఆస్తి ఎలా సంక్రమించిందన్న వాక్యం: పిత్రార్జితమా, స్వార్జితమా, పసుపు కుంకుమల కింద వచ్చిందా. పసుపు కుంకుమల భూమి అయితే అది అమ్మమ్మ వైపో నాయనమ్మ వైపో తలుపు తీస్తుంది. ఆడవాళ్ల పుట్టింటి ఇంటిపేరు పట్టుకోవడానికి ఇదే నమ్మకమైన దారి. ఆ తర్వాత సాక్షులు, రాసిన దస్తూరి. సాక్షి సంతకాల్లో బావమరుదులు, వియ్యంకులు తరచుగా ఉంటారు. వయసు "సుమారు 60" అని ఉంటే దాన్ని పుట్టిన ఏడాదిగా మార్చేయకండి, అది అంచనా మాత్రమే.

పట్టాలో ఇంటిపేరు హఠాత్తుగా మారితే అమ్మకమే అనుకోవద్దు. ఇల్లరికం ఉందేమో చూడండి. కొన్ని రైతు కులాల్లో ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా ఆస్తి వచ్చే ఆచారాన్ని మద్రాసు కోర్టులు కూడా గుర్తించాయి. కూతుళ్ల పేర్లు పంపకాల్లో ఎక్కువగా కనిపించేది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో తెచ్చిన వారసత్వ సవరణ తర్వాత, దేశమంతటా 2005 సవరణ తర్వాత. అంతకు ముందటి పంపకంలో కూతురి పేరు లేకపోతే కూతురే లేదని రాసేయకండి.

దస్తావేజుల్లో అణాల లెక్కలు వాటాలను సూచిస్తాయి. రూపాయికి 16 అణాలు కాబట్టి "నాలుగణాల వాటా" అంటే నాలుగో వంతు, అంటే నలుగురు వాటాదారులు ఉండి ఉండవచ్చు.

పంపకాల వివాదం కోర్టుకు ఎక్కిన ఇంటికి ఒక మేలు ఉంది. భాగపంపిణీ దావాలో వంశవృక్షం గీసి జతచేస్తారు. దావా నంబరు తెలిస్తే జిల్లా కోర్టులో నకలుకు దరఖాస్తు చేయండి. మీ తాతల గొడవ చదవడం బాధగానే ఉంటుంది, కానీ ఇరుపక్షాలూ ఒప్పుకున్న వంశవృక్షం కంటే గట్టి ఆధారం దొరకడం కష్టం.

ఐదో మెట్టు: జనాభా లెక్కలు ఏమి ఇస్తాయి

ఇంగ్లండులో 1921 జనాభా లెక్కల ఇంటింటి పత్రాలు 2022 జనవరిలో అందరికీ తెరిచారు. ముత్తాత ఇంట్లో ఆ రాత్రి ఎవరెవరున్నారో అక్కడివాళ్లు పేర్లతో సహా చదువుకోవచ్చు. మనకు ఆ వీలు లేదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలున్న పత్రాలను ఎవరూ తనిఖీ చేయలేరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. పేర్ల కోసం జనాభా లెక్కల ఆఫీసుకు వెళ్లకండి.

ఊరి కథ కోసం మాత్రం వెళ్లండి. 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కుల్లో గ్రామాల వారీగా జనాభా, ఇళ్ల సంఖ్య ఉంటాయి. 1961లో ఎంపిక చేసిన కొన్ని గ్రామాల మీద విడి నివేదికలు కూడా వచ్చాయి. మీ ఊరు అందులో ఉంటే అప్పటి ఇళ్లు, పంటలు, పెళ్లిళ్ల ఆచారాలు అన్నీ దొరుకుతాయి. 1876-78 కరువు తర్వాత కర్నూలు, బళ్లారి జిల్లాల జనాభా బాగా పడిపోవడం 1881 లెక్కల్లో కనబడుతుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా దెబ్బకు 1921లో దేశ జనాభాయే 1911 కంటే తగ్గింది. మీ రికార్డుల్లో ఆ ఏళ్ల దగ్గర పట్టాలు వరసగా మారి ఉంటే కారణం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

కుటుంబం ఊరు మారిందేమో కూడా ఇలాగే అంచనా వేయాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగు పెరిగింది. నిజాంసాగర్ వచ్చాక కోస్తా రైతులు నిజామాబాద్ వైపు, తుంగభద్ర ప్రాజెక్టు తర్వాత కర్ణాటకలోని సింధనూరు వైపు వెళ్లి క్యాంపులు (వలస రైతుల ఊళ్లు) కట్టుకున్నారు. క్యాంపులో మొదటి పట్టా తాతదైతే, ఆయన అక్కడ పొలం కొన్న ఏడాదికి అటూ ఇటూగా పాత ఊళ్లో అమ్మకం దస్తావేజు వెతకండి.

ఇంటింటి పేర్లు కావాలంటే ఓటర్ల జాబితాలే జనాభా లెక్కలకు ప్రత్యామ్నాయం. ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. ఇంకొకటి చాలామందికి తోచదు. 1973 భూసంస్కరణల చట్టం కింద భూస్వాములు, పెద్ద రైతులు ఇచ్చిన డిక్లరేషన్లలో కుటుంబ సభ్యుల వివరాలు, భూముల జాబితా ఉంటాయి. రెవెన్యూ డివిజన్ స్థాయిలో ట్రిబ్యునల్ ఫైళ్ల కోసం అడగండి.

ఆరో మెట్టు: తేదీలు సరిచూసుకోవడం

పాత లెక్కల్లో ఫసలీ (శిస్తు లెక్కలకు వాడే) సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఏడాది వస్తుంది. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది, కాబట్టి ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ దాకా. నిజాం రాజ్యంలో అది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. తెలుగు సంవత్సరం పేరు రాసి ఉంటే అరవై ఏళ్ల చక్రం గుర్తుంచుకోండి. క్రోధి 2024-25 అయితే అంతకు ముందు క్రోధి 1964-65, దానికి ముందు 1904-05. మూడింటిలో ఏదో తేల్చేది కాగితంలోని మనుషులు, స్టాంపు మీది ముద్ర.

కట్టిన వృక్షంలో ప్రతి పేరు పక్కనా ఆధారం రాయండి: రికార్డు పేరు, సంవత్సరం, సర్వే నంబరు. పెద్దలు చెప్పింది మాత్రమే అయితే ఎవరు చెప్పారో రాయండి. ఒక వ్యక్తిని మన వంశంలోకి కలపడానికి తండ్రి పేరు, సర్వే నంబరు రెండూ కలవాలన్న నియమం పెట్టుకోండి.

భూమి లేని కుటుంబాలు

ఇంతవరకూ చెప్పిన చాలా దారులు పట్టా ఉన్నవాళ్లవి. కౌలుదారులు, పాలేర్లు, కూలీల వారసులు అక్కడితో ఆగిపోవాల్సిన పని లేదు. తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టర్లున్నాయి. రెండు ప్రాంతాల్లోనూ ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూముల ఫైళ్లలో లబ్ధిదారు తండ్రి పేరు ఉంటుంది. పాత బడి ప్రవేశ రిజిస్టర్లు తిరగేయండి, తండ్రి పేరు, వృత్తి, ఊరు అక్కడ ఉంటాయి. "తాత తమ్ముడు ఓడెక్కి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు" అన్న మాట మీ ఇంట్లో వినబడితే దాన్ని కట్టుకథ అనుకుని వదిలేయకండి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో కూలీలు దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లినప్పటి నుంచి ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కులం నమోదు చేస్తూ వచ్చారు. మారిషస్‌కు వెళ్లినవాళ్ల రికార్డులు అక్కడి మోకా పట్టణంలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. ఊరి పేరు, తాలూకా పేరు ఆ కాలపు ఇంగ్లిషు స్పెల్లింగులో ఎలా ఉండేవో పట్టిక రాసుకుని, ఒక్కోటీ పెట్టి వెతకండి.